మూడో రకం పసుపు తుమ్మి

జ్ఞానప్రసూన కాఫీ కప్పు అందుకుంది గానీ పెదవికి తాకించలేదు. వంటింటి గోడ మీది గడియారం పదీ నలభై చూపిస్తోంది. గీతాంజలి కనిపించకుండా పోయి యాభై మూడు గంటలు దాటింది. ఆ లెక్క మంగళవారం నుంచీ ఆమె తలలో ఒకటే తిరుగుతోంది. గంట గడిచినప్పుడల్లా ఒకటి పెరుగుతుంది తప్ప తగ్గే దారి కనబడటం లేదు.

"కాఫీ చల్లారిపోతుంది మేడమ్," అన్నాడు కృష్ణమోహన్.

కార్ల కంపెనీలో ఇంజనీరు. నలభై నాలుగేళ్ళు. భార్య ఇల్లు వదిలి రెండు రోజులైనా చొక్కా ఇస్త్రీ నలగలేదు. అది తప్పని అనలేం. కొందరు దుఃఖంలో కూడా శుభ్రంగానే ఉంటారు. ఇరవై ఏళ్ళు ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిములు తనిఖీ చేసి, రిటైరయ్యాక డిటెక్టివ్ లైసెన్సు తీసుకున్న మనిషి జ్ఞానప్రసూన. నలగని చొక్కాని చూసి తీర్పు చెప్పే వయసు ఎప్పుడో దాటింది. అయినా మనసు నిలవడం లేదు.

ఆమెను పెట్టుకున్నది గీతాంజలి అక్క జయంతి. కృష్ణమోహన్ పెట్టుకున్న డిటెక్టివ్ వేరే ఉన్నాడు. పేరు రఘువీర్. స్టూలు మీద కూర్చుని ట్యాబ్‌లో ఏదో మ్యాపు చూస్తున్నాడు. అమెరికాలోని ఈ ఫార్మింగ్టన్ హిల్స్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళకి ఏ చిక్కొచ్చినా ముందు అతని పేరే వినబడుతుంది.

"సోమవారం ఆమెను ఆఖరిసారి ఎన్నింటికి చూశారు?" అని కృష్ణమోహన్‌ని అడిగింది జ్ఞానప్రసూన.

"మొన్ననే చెప్పాను కదా. రాత్రి పదింటికి. హెడేక్ అని పైకెళ్ళి పడుకుంది. నేను కింద ఆఫీస్ రూమ్‌లో కాల్‌లో ఉన్నా, అక్కడే నిద్రపోయా. ఆరుంబావుకి పైకెళ్తే బెడ్ ఖాళీ."

"గరాజ్ తలుపు చప్పుడు వినలేదా?"

"లేదు."

"ఇంట్లో కెమెరాలెన్ని?"

"నాలుగు."

"మొగుడూ పెళ్ళాం ఇద్దరే ఉండే ఇల్లు. వంటింట్లో కెమెరా దేనికండీ?"

"సెట్‌లో వచ్చింది. పెట్టా." అతను నవ్వాడు. "వదిన వాళ్ళింటికీ నేనే పెట్టిచ్చా. ఫ్యామిలీలో ఫోన్లు, వైఫైలు, అన్నీ నా డిపార్ట్‌మెంటే."

రఘువీర్ తలెత్తాడు. "మేడమ్, మా ఇంట్ల ఆరున్నయి. నన్ను కూడా అనుమానిస్తరా? టైమింగ్స్ మళ్ళీ చెప్తున్నా వినండి. మంగళవారం పొద్దున నాలుగూ నలభై ఒకటికి ఆమె కారు గరాజ్ నుంచి బయటికెళ్ళింది, ఆమె ఒక్కతే డ్రైవ్ చేస్తున్నది. అయిదూ ఇరవైకి ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌ల ఎంటరైంది. అయిదూ ముప్పై ఒకటికి భర్తకీ అక్కకీ మెసేజ్, 'నేను వెళ్ళిపోతున్నాను, వెతకొద్దు' అని. తర్వాత ఫోన్ ఆఫ్. ఇంకేం గావాలె?"

"ఏ విమానం ఎక్కింది?"

"అదే చూస్తున్నం."

"రెండు రోజులుగా చూస్తున్నారు. ఎక్కి ఉంటే ఈపాటికి తేలేది. కారు ఎయిర్‌పోర్టుకి చేరిందన్నారు, సరే. మనిషి ఎక్కడికి చేరింది?"

రఘువీర్ ట్యాబ్‌లోకి తల దించాడు. ఆమె మళ్ళీ కృష్ణమోహన్ వైపు తిరిగింది.

"పైన పడకగది తలుపు చూశాను. బయటివైపు, గుబ్బకి పైన నాలుగు మేకు కన్నాలున్నాయి. పుట్టీ కొట్టి పెయింట్ వేశారు. పెయింట్ వాసన ఇంకా పోలేదు. అక్కడ గొళ్ళెం ఎందుకుండేది?"

అతని చేతిలో చెంచా ఒక్క క్షణం ఆగింది.

"కుక్కపిల్ల కోసం. లోపల పెట్టి బయట గడియ వేసేవాళ్ళం."

"కుక్కేదీ?"

"ఫ్రెండ్‌కి ఇచ్చేశాం."

"ఏ ఫ్రెండ్?"

"మేడమ్," అన్నాడు కృష్ణమోహన్, గొంతు ఏమాత్రం పెంచకుండా, "నా భార్య డిప్రెషన్‌లో ఉంది. మందులు కూడా తీసుకెళ్ళలేదు. నాకు ఒక్కో నిమిషం నరకంలా ఉంది. మీరు కుక్కని వెతుకుతానంటే మీ ఇష్టం."

ఆ మాటకి రఘువీర్ ముఖంలో జాలి కనిపించింది. జ్ఞానప్రసూనకి మాత్రం జాలి కలగలేదు. ఆ గది తలుపు చూసినప్పటి నుంచీ ఆమె మనసులో ఒకటే మాట మెదులుతోంది. ఈ పిల్ల ఈ ఇల్లు దాటి పోలేదు. ఇక్కడే ఎక్కడో ఉంది.

"వెనక దొడ్డి ఇంకోసారి చూడాలి," అని లేచింది.

*

పెరటి చివర మేపుల్ చెట్ల నీడలో గీతాంజలి వేసుకున్న పూలమడి ఉంది. దాని వెనక తక్కువ ఎత్తు కంచె, కంచె దాటితే కాలనీకి చెందిన అడవి, అందులోంచి నడక దారి. పక్కింటి పచ్చికని ఎవరో మెషిన్‌తో కోస్తున్నారు. ఆ రొదలో మాట వినబడాలంటే గొంతు పెంచాల్సిందే.

మడినిండా పసుపు పూలు. మొక్క పుదీనా జాతిది, కాడ తులసి కాడలాగే నాలుగు పలకలు. పువ్వు అచ్చం మన తుమ్మిపువ్వు, రంగొక్కటే తేడా. ఇక్కడి పేరు ఎల్లో ఆర్కేంజెల్. అక్కచెల్లెళ్ళిద్దరూ పసుపు తుమ్మి అని పిలుచుకునేవారట. ఆ సంగతి జయంతి మొదటిరోజే చెప్పింది. ఏడుస్తూ చెప్పింది. ఆదివారం ఈ మడి దగ్గరే చెల్లెలు ఏదో చెప్పబోతే, "అన్ని ఇళ్ళలోనూ ఉండేదే, సర్దుకోవాలి" అని కసిరి వెళ్ళిపోయిందట. కారెక్కాక వెనక్కి కూడా చూడలేదట. ఆ మాట విన్న రాత్రి జ్ఞానప్రసూనకి నిద్ర రాలేదు. లైబ్రరీ నుంచి తెచ్చిన మొక్కల పుస్తకం ముందేసుకుని తెల్లవార్లూ చదివింది.

అందుకే ఇప్పుడు మడి ముందు నిలబడగానే తేడా ఆమె కంట పడింది.

"రఘువీర్ గారూ, ఇలా రండి. ఈ మడిలో నిన్న లేనిది ఒకటుంది."

"ఏంది, ఇంకో మేకు కన్నమా?"

"ముందు ఈ కుదుళ్ళు చూడండి. ఇది గీతాంజలి నాటుకున్న రకం. సన్నని ఆకు, దాని మీద వెండి జరీ వల పరిచినట్టు గీతలు. ఎక్కడ నాటితే అక్కడే గుబురుగా ఉంటుంది, పాకదు. కంచె అవతల అడవిలో ఉన్నది రెండో రకం. పెద్ద ఆకు, మధ్యలో వెండి మచ్చ. అది తీగలు సాచి అడవంతా కమ్మేస్తుంది. ప్రతి శనివారం వెళ్ళి దాన్ని పీకేవాళ్ళలో గీతాంజలి కూడా ఉంది. ఇక ఇది చూడండి."

మడి కుడి పక్కన, చాపంత మేర, తీగలు పరిచి ఉన్నాయి. పువ్వు అదే పసుపు. ఆకు మాత్రం ఒట్టి ఆకుపచ్చ. వెండి గీతా లేదు, మచ్చా లేదు.

"మూడో రకం. ఇది ఈ మడిలోదీ కాదు, ఆ అడవిలోదీ కాదు. ఎక్కడినుంచో తెచ్చి పరిచారు."

"పోయినేడు గీతే నాటింది," వెనకనుంచి కృష్ణమోహన్ గొంతు. అతను వెనక తలుపు ముందరి చెక్క డెక్ మీద నిలబడి ఉన్నాడు. "తనకి ఆ పసుపు పూలంటే పిచ్చి."

జ్ఞానప్రసూన వంగి ఒక తీగ కొసను పట్టుకుని ఎత్తింది. మూరెడు తీగ పూలదండలా లేచి వచ్చింది.

"పోయినేడు నాటితే కణుపు కణుపుకీ వేరు దిగి ఉండాలి. ఒక్క వేరూ లేదు. ఇంకోటి చూడండి. పొద్దున వాన పడింది కదా, ఎన్నింటికి ఆగింది?"

"ఏడూ పదికి," అన్నాడు రఘువీర్ ట్యాబ్ చూసి.

"ఆ వానకి పాత కుదుళ్ళ కింది ఆకులన్నిటి మీదా బురద చింది ఉంది. ఈ మూడో రకం ఆకులు కడిగినట్టున్నాయి. వాటి కింద నేల మీద మాత్రం వాన చినుకుల గుంటలు అలాగే ఉన్నాయి. అంటే వాన వెలిశాక పరిచారు. ఏడూ పది తర్వాత." ఆమె డెక్ వైపు తిరిగింది. "కృష్ణమోహన్ గారూ, మీరు పోలీస్ స్టేషన్‌కి బయల్దేరింది ఏడూ నలభైకి. మధ్యలో అరగంట ఏం చేశారు?"

రఘువీర్ పగలబడి నవ్వాడు.

"ఆంటీ! ఏడుంబావుకే నేను ఈ ఇంట్ల ఉన్న. ఇద్దరం కలిసి ఇడ్లీ తిన్నం. ఏడూ నలభైకి నా కారులనే పోయినం, పదుంబావుకి నా కారులనే వచ్చినం. నా క్లయింట్ నా కళ్ళముందు నుంచి కదల్లే. ఇడ్లీ తినుకుంట మొక్కలు నాటిండా?"

'ఆంటీ' అన్న మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. నలభై ఏళ్ళవాడు, తన తలలోని ఒక్కో తెల్ల వెంట్రుకనీ చూసి మరీ అన్నట్టుంది. జ్ఞానప్రసూన అక్కడితో ఆగాల్సింది. ఆగలేదు.

"అయితే ఇంకో మనిషున్నాడు. ఏడూ నలభైకీ పదుంబావుకీ మధ్య వచ్చాడు. వాకిట్లో కెమెరా, గరాజ్‌లో కెమెరా. ఈ వైపు ఒక్కటే లేదు. ఆ సంగతి తెలిసినవాడు. కంచె దగ్గర బురదలో అడుగులు చూడండి, అడవి దారినే నడిచి వచ్చి, ఆ దారినే వెళ్ళాడు. మొక్కలు వాడలేదు, పూలు రాలలేదు. అంటే దూరంనుంచి కాదు, అరగంట నడకలో ఉన్నాడు! ఇంత చేసి ఏం దాచాడో తెలియాలంటే తవ్వాలి. తవ్వండి. నా మాట తప్పైతే ఈ కేసు వదిలేస్తా."

"మాట మీద ఉంటరు కదా?"

"ఉంటా."

గోడకి ఆనించిన పార అందుకుని రఘువీర్ చొక్కా చేతులు మడిచాడు. ముందు ఆమె తీగలన్నీ ఎత్తి పక్కన పెట్టింది. కింద నేల గట్టిగా ఉంది. పోయినేటి మేపుల్ ఆకులు కుళ్ళి పొరగా అతుక్కుని ఉన్నాయి. పొర ఎక్కడా తెగలేదు. పార దిగితే సన్నని చెట్టువేళ్ళు ఫట్ ఫట్‌మని తెగాయి. ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టని వేళ్ళు. ఒకచోట అడుగులోతు, ఇంకోచోట అడుగున్నర. వానపాములు తప్ప ఏమీ లేదు.

రఘువీర్ పార ఆనించి చెమట తుడుచుకున్నాడు. "చాలా? ఇంకా చైనా దాకా తవ్వాల్నా?"

జ్ఞానప్రసూన వెళ్ళి పక్కన పెట్టిన తీగల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. మనిషి చచ్చి ఈ మట్టి కింద లేదు. ఆ సంతోషం పూర్తిగా రాకముందే ఆమె వేలికి ఏదో గుచ్చుకుంది. నల్లటి యూ పిన్ను. సిగలో పూలు గుచ్చుకునే పిన్ను. ప్రతి కణుపు దగ్గరా ఒకటి. తీగ వేరు దిగాలని, కణుపు నేలకి ఆనేలా, కాడ నలగకుండా పైపైనే గుచ్చినవి, అందుకే తీగతోపాటే లేచివచ్చాయి. తీగల చుట్టూ నీళ్ళు కూడా పోశారు.

ఏదైనా దాచేవాడు మొక్క బతకాలని ఎందుకు చూస్తాడు?

ఇది దాచడానికి పరిచింది కాదు. చూపించడానికి పరిచింది. ఆకు ఆకునీ ఎరిగిన గీతాంజలే, తన చేత్తో, అక్క ఒక్కతే చూడాలని. కారు ఎయిర్‌పోర్టులో వదిలిందీ, మెసేజ్ పెట్టిందీ దారి తప్పించడానికే. పొద్దున పదకొండింటికి చెల్లెలి మొక్కలకి నీళ్ళు పోయడం జయంతి మంగళవారం నుంచీ ఒక్కరోజూ మానలేదు, అడవి దారిలోంచి చూస్తే అది కనిపిస్తుంది. అక్క ఫోన్‌కి మెసేజ్ పెడితే దాన్ని ఇంకెవరు చదువుతారో గీతాంజలికి తెలుసు. అక్క ఇంటికి వెళ్తే ఆ ఇంట్లో ఎవరి కెమెరా ఉందో తెలుసు.

ఆ తలుపుకి గొళ్ళెం ఎందుకుండేదో జ్ఞానప్రసూనకి ఇప్పుడు పూర్తిగా అర్థమైంది. సోమవారం రాత్రి కృష్ణమోహన్ కిందే నిద్రపోయి గడియ వేయడం మరిచాడు. ఆ గది వదిలి పారిపోయిన పిల్ల అరగంట నడకలో ఉందని తను ఇందాక గొంతెత్తి అరిచింది. ఎవరి ముందు? డెక్ మీద కృష్ణమోహన్ కదలకుండా నిలబడి ఇటే చూస్తున్నాడు.

"నాదే పొరపాటు," అంది పెద్దగా, లేస్తూ. "రఘువీర్ గారూ, మీరే గెలిచారు. ఎవరో కుర్రాళ్ళు తెచ్చి పడేసి ఉంటారు. పదండి లోపలికి."

రఘువీర్ ఆశ్చర్యంగా చూశాడు. ఇంత తేలిగ్గా ఓటమి ఒప్పుకునే మనిషి కాదని అతనికి తెలుసు.

అప్పుడే వంటింట్లోంచి నీళ్ళ డబ్బా పట్టుకుని జయంతి వచ్చింది. ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళు. తవ్వి పోసిన మట్టి చూసి ఆమె చేతిలో డబ్బా జారిపోయింది.

"ఏమైంది? ఏం దొరికింది? ప్రసూన గారూ, నా చెల్లెలు..."

"ఏమీ లేదమ్మా, ఏమీ లేదు. రండి, లోపలికెళ్దాం." జ్ఞానప్రసూన ఆమె భుజం పట్టుకుని తిప్పబోయింది.

జయంతి చూపు తీగల మీద పడింది. వంగింది. ఒక కాడ తుంచి ఆకు తిప్పి చూసింది. ముఖంలోకి నెత్తురు పరుగెత్తింది.

"ఇది ఇక్కడికెలా వచ్చింది? మచ్చలేని పసుపు తుమ్మి... ఇది అడవికి అవతల ఉండే వసంతలక్ష్మి ఆంటీ వాళ్ళింటి మొక్క!"

"జయంతి గారూ, నెమ్మదిగా..."

"కాదండీ, మీకు తెలీదు! ఊరు మొత్తం మీద ఈ రకం ఆంటీ పెరట్లోనే ఉంది. మేం ఒకరింటినుంచి ఒకరం కొమ్మలు తెచ్చుకుంటాం కదా, ఏ మొక్క ఎవరింటిదో చూడగానే చెప్తాం. గీత దీన్ని ఎప్పుడూ ఇంటికి తెచ్చుకోలేదు, పాకుతుందని. అది ఆంటీ దగ్గరుంది! నా చెల్లెలు బతికే ఉంది!" ఆమె ఏడుస్తూ నవ్వుతూ కృష్ణమోహన్ వైపు చేతులు చాచింది. "మరిదిగారూ, విన్నారా? గీత బతికే ఉంది!"

కృష్ణమోహన్ కళ్ళు మూసుకుని పెద్దగా ఊపిరి వదిలాడు. "థాంక్ గాడ్. వదినా, మీరు కూర్చోండి. మంచినీళ్ళు తెస్తా."

అతను లోపలికి వెళ్ళాడు. గాజు తలుపు మూసుకుంది. జ్ఞానప్రసూన వాచీ చూసుకుంది. పదకొండూ నాలుగు.

"జయంతి గారూ, నా వైపు చూడండి. గీతాంజలి ఆదివారం మీకు ఏం చెప్పబోయింది?"

జయంతి నవ్వు ఆగిపోయింది. కళ్ళు దించుకుంది.

"రాత్రి గదిలో పెట్టి గడియ వేస్తున్నాడంది. పాస్‌పోర్ట్ దాచేశాడంది. ఇంకోసారి వెళ్తానంటే... బతకనివ్వనన్నాడంది. నేను నమ్మలేదు. అంత మెత్తటి మనిషి, అలా ఎందుకు చేస్తాడు, నువ్వే ఏదో ఊహించుకుంటున్నావు అన్నా. 'సరేలే అక్కా' అని ఊరుకుంది."

రఘువీర్ చేతిలో పార మెల్లగా కిందికి జారింది. "నాకు డిప్రెషన్ అని చెప్పిండు," అన్నాడు. "మెడికల్ పేపర్లు చూపిస్తనన్నడు. రెండు రోజులైతుంది, చూపియ్యలే. పోలీసుల దగ్గర కూడా నాతోనే మాట్లాడిచ్చిండు." వెంటనే గాజు తలుపు వైపు చూశాడు. "మంచినీళ్ళు తేనీకి ఇంతసేపా?"

పక్కింటి మెషిన్ అప్పుడే ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఇంటి లోపలనుంచి ఏ అలికిడీ లేదు.

ముగ్గురూ పరుగెత్తారు. వంటింట్లో ఎవరూ లేరు. గట్టు మీద మంచినీళ్ళ గ్లాసు నిండుగా పెట్టి ఉంది. గరాజ్ తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల కారు లేదు.

"నా ఫోన్," అంది జయంతి. "ఇక్కడే చార్జింగ్‌కి పెట్టాను. నా ఫోనేదీ?"

గట్టు మీద చార్జర్ తీగ ఒక్కటే వేలాడుతోంది. ఆ ఫోన్ కొన్నదీ సెటప్ చేసిందీ లాక్ నంబర్ పెట్టిందీ ఎవరో అడగాల్సిన పని లేకపోయింది.

"ఆంటీ ఇల్లు కారులో ఎంత దూరం?"

"ఆరు... ఆరు నిమిషాలు."

వాచీలో పదకొండూ పది.

"రఘువీర్, పోలీసులకి ఫోన్ చెయ్యి, కారు తియ్యి!" అతను అప్పటికే వీధి వైపు దూకాడు, ఫోన్ చెవికి ఆనించి అడ్రస్ అడుగుతూ. "ఆంటీ నంబర్ గుర్తుందా జయంతీ?"

జయంతి అంకెలు చెప్పింది. జ్ఞానప్రసూన పరుగెడుతూనే నొక్కింది. రెండు రింగులు. మూడు.

"హలో, ఎవరూ?" పెద్దావిడ గొంతు, హుషారుగా ఉంది.

"వసంతలక్ష్మి గారూ, నేను జయంతి తరఫున మాట్లాడుతున్నా. గీతాంజలి ఎక్కడుంది? తలుపులన్నీ వేసి, ఆ అమ్మాయిని లోపలే..."

"అయ్యో, జయంతి మెసేజ్ పెట్టిందిగా అమ్మా, 'నీ మొక్క చూశాను, వచ్చేస్తున్నా, బయట నిలబడు' అని! నేను ముందు భయపడ్డాను. మొక్క సంగతి అక్కకి తప్ప ఇంకెవరికి తెలుస్తుంది ఆంటీ అని గీతే అంది. చెప్పులు కూడా వేసుకోకుండా వాకిట్లోకి పరుగెత్తింది పిచ్చిపిల్ల. అదిగో, కారు ఆగిన చప్పుడు. మీరేనా?"